ఆ శక్తి బంధానిది కాదు

యురేనియం కేంద్రకం పగిలితే అంత శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగి చూడండి. ఇంటర్ పిల్లల నుంచి ఆదివారం అనుబంధాల్లో సైన్సు వ్యాసాలు రాసేవారి దాకా ఒకటే జవాబు: ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ పట్టి ఉంచిన కేంద్రక బలంలో దాగిన శక్తి, బంధం తెగగానే బయటపడుతుంది. ఈ జవాబు తప్పు. కొంచెం తప్పు కూడా కాదు, పూర్తిగా తలకిందులు.

బంధం తెంచడానికి శక్తి పెట్టాలి. డ్యుటీరియం కేంద్రకంలో ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను. వాటిని విడదీస్తే 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు మన చేతి నుంచి ఖర్చవుతాయి, చేతికి రావు. చిక్కంతా ‘బంధన శక్తి’ అన్న మాటతో వచ్చింది. అది కేంద్రకం మూటగట్టి దాచుకున్న సొమ్మనుకుంటున్నాం. నిజానికి అది విడదీయాలంటే మనం చెల్లించాల్సిన వెల.

జిన్నింగు మిల్లులో పత్తి బేలు చూశారా? యంత్రంతో అణిచి అణిచి, చుట్టూ ఇనుప పట్టీలు బిగిస్తారు. పట్టీ కత్తిరించగానే పత్తి ఒక్కసారిగా ఉబుకుతుంది. ఉబికింది పత్తి, పట్టీ కాదు. యురేనియంలో ఆ పత్తి 92 ప్రోటాన్లు. అన్నీ ధనావేశాలే; ప్రతిదాన్నీ మిగతా 91 నెడుతూనే ఉంటాయి, ఎంత దూరాన ఉన్నా సరే. కేంద్రక బలానిది మాత్రం పొట్టి చెయ్యి. ఒకటి రెండు ఫెమ్టోమీటర్లు దాటితే అందదు. యురేనియం కేంద్రకం అడ్డుకొలతేమో దాదాపు 15 ఫెమ్టోమీటర్లు. ఏ కణమైనా పక్కనున్న కొన్నింటినే పట్టుకోగలదు.

శక్తి ఈ ప్రోటాన్ల నెట్టుడుదేనన్న సంగతి, కేంద్రకం పగలడాన్ని వివరించిన మొదటి రోజే తెలుసు. 1938 క్రిస్మస్ సెలవుల్లో, స్వీడన్‌లోని కుంగెల్వ్ ఊళ్లో, భౌతిక శాస్త్రవేత్తలు లీజ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ మంచులో నడుస్తూ ఓ చెట్టుమొద్దు మీద కూర్చున్నారు. బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం నుంచి బేరియం వచ్చిందని చెబుతున్నారు, అదెలా? తామరాకు మీది నీటిబొట్టులా కేంద్రకం సాగి, నడుము సన్నబడి, రెండవుతుందని ఊహించారు. విడిపోయిన రెండు ముక్కలూ తమ ఆవేశాల వల్ల ఒకదాన్నొకటి ఎంత శక్తితో తోసుకుంటాయో చిత్తుకాగితాల మీద లెక్కేశారు: దాదాపు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. తర్వాత తగ్గిన ద్రవ్యరాశి లెక్క చూస్తే, అదీ అంతే వచ్చింది. ముందు లెక్కకు అందింది విద్యుత్ వికర్షణే.

నీటిబొట్టు నమూనా ప్రకారం రెండు సమాన ముక్కలనుకుని లెక్కకడితే, విద్యుత్ వికర్షణ వదిలే శక్తి సుమారు 360 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు ముక్కలైనప్పుడు ఉపరితలం పెరుగుతుంది, అంచున పక్కవాళ్లు తక్కువైన కణాలు పెరుగుతాయి. దానికి సుమారు 180 ఖర్చు. అంటే కేంద్రక బలం ఇవ్వకపోగా, వచ్చినదాంట్లో సగం మింగేస్తోంది! దాన్నే దాతగా చూపించడం పిల్లలకు చేస్తున్న అన్యాయం.

‘ఐన్‌స్టీన్ సూత్రం ఉంది కదా, ద్రవ్యరాశే శక్తిగా మారింది’ అంటారు. ఆ సూత్రం ఎంత వచ్చిందో చెబుతుంది, ఎవరిచ్చారో చెప్పదు. కట్టెలు మండినా ద్రవ్యరాశి ఆ సూత్రం ప్రకారమే తగ్గుతుంది, తూకానికి అందనంత స్వల్పంగా. అయినా కట్టెల మంటను అలా వివరించే మేష్టారు ఎవరూ లేరు.

సూర్యుడి సంగతి వేరు. అక్కడ తేలిక కేంద్రకాలు దగ్గరై, పొట్టి చెయ్యి వాటిని అందుకుని లాక్కుంటుంది. ఆ శక్తి నిజంగా కేంద్రక బలానిదే. కేంద్రకం పగిలే విచ్ఛిత్తినీ, కేంద్రకాలు కలిసే సంలీనాన్నీ ఒకే వాక్యంలో కలిపి ‘కేంద్రకంలో దాగిన శక్తి’ అనేస్తే, తేలికవి కలిసినప్పుడూ బరువైనవి విడిపోయినప్పుడూ శక్తి ఎందుకొస్తుందో, మధ్యలో ఇనుము దగ్గర రెండు దారులూ ఎందుకు మూసుకుపోతాయో పిల్లవాడికి ఎప్పటికీ అర్థం కాదు. బట్టీ పడతాడు.

పాఠ్యపుస్తకంలో పగిలే కేంద్రకం బొమ్మ వేసేవారిని ఒక్కటే కోరుతున్నాను. ఆ రెండు ముక్కల మీదా ధనావేశపు గుర్తులు వేయండి, వాటిని ఒకదాని నుంచి ఒకటి దూరంగా నెట్టే రెండు బాణాలు గీయండి.