వడ్లకు కరెంటు పరీక్ష

కోతల రోజుల్లో నర్సంపేట చుట్టుపక్కల ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్ళినా ఒకే ప్రశ్న వినబడుతుంది: "ఎంతొచ్చింది?" ధర సంగతి కాదు, దిగుబడి సంగతీ కాదు. తేమ ఎంత వచ్చిందని. సర్కారు కొనుగోలులో వడ్లకు 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. పదిహేడు వచ్చిందా, బస్తాలు కాంటా ఎక్కుతాయి. పంతొమ్మిది వచ్చిందా, కుప్పను మళ్ళీ ఎండలో నేర్పవలసిందే. ఈలోగా మబ్బు పట్టిందంటే ఆ ఇంటిల్లిపాదికీ నిద్ర వుండదు.

ఇంత తీర్పు చెప్పేది ఒక చిన్న పెట్టె. గిన్నెలో వడ్లు పోసి మీట నొక్కితే అంకె కనబడుతుంది. ఆ పెట్టె నీళ్ళను కొలుస్తున్నదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీళ్ళను చూడనే లేదు. వడ్లకు కరెంటు తగిలిస్తే ఎలా వుంటాయో చూసి, దానినిబట్టి తేమ ఇంత వుండవచ్చునని లెక్క కట్టి చెబుతున్నది. ఆ లెక్క ఎలాంటిదో కొంచెం తెలుసుకోవటం, అమ్మేవాడికీ కొనేవాడికీ కూడా మంచిది.

గాజు, లక్క, గంధకం, కాగితం, అభ్రకం - వీటిలోంచి కరెంటు పారదు. పారదు గనుక ఇవన్నీ వట్టి అడ్డుగోడలే అనుకుంటాము. కాని కరెంటు పారకపోయినా దాని లాగుడు మాత్రం లోపలికి పోతుంది. ఆ లాగుడుకు లోపలి అణువులన్నీ కొంచెం సాగి, ధనం ఒక వైపుకూ ఋణం ఒక వైపుకూ ఒరుగుతాయి. ఇలాంటి పదార్థాలకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు రోధకాలు. ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1837లో ఒకే కొలతగల రెండు లోహపు గోళాలు చేయించాడు. ఒక్కొక్కటీ గోళంలో గోళం, నడుమ సందు. ఒకదాని సందులో గాలే వుంచి, రెండోదానిలో లక్కవంటివి నింపి చూశాడు. నింపినదే ఎక్కువ విద్యుత్తును పట్టి వుంచింది! గాలికంటే ఎన్ని రెట్లు ఎక్కువ పడుతుందో ఆ అంకెను రోధక స్థిరాంకం అంటున్నాము. కిరసనాయిలుకు అది సుమారు రెండు, అభ్రకానికి ఆరుకు అటూ ఇటూ.

మన ఇళ్ళల్లో వీటికి కొదువ లేదు. సీలింగు ఫాను తలమీది కప్పులో దాక్కున్న కండెన్సరు ఇదే: లోహపు పూత పూసిన సన్నని ప్లాస్టిక్ పొరలను చుట్టిన చుట్ట. పొరకు ఎక్కడన్నా చిల్లి పడితే అక్కడి లోహపు పూత ఆవిరైపోయి, గాయం తనంతట తానే మానుతుంది. అయితే మానిన ప్రతిసారీ పూత కాస్త తగ్గుతుంది. అలా తగ్గీ తగ్గీ కొన్నేళ్ళకు ఫాను నీరసంగా తిరుగుతుంది. కరెంటు తక్కువగా వస్తున్నదని మనం వీధిలోని ట్రాన్స్‌ఫారాన్ని తిడుతూ కూర్చుంటాము. వెనకటి రేడియోల కండెన్సర్లలో అభ్రకపు రేకులు వుండేవి. ఆ అభ్రకానికి మన గూడూరు పేరుపడ్డ చోటు.

వీటన్నిటినీ తలదన్నేది నీరు. దాని స్థిరాంకం దాదాపు 80! నీటి అణువుకు పుట్టుకతోనే ఒక కొస ధనం, ఒక కొస ఋణం. కరెంటు లాగుడు ఎటు మారితే అది అటు తిరుగుతుంది. పట్నాల వంటిళ్ళలోని మైక్రోవేవ్ పొయ్యిలో లాగుడు సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ ఊగుడును అందుకోబోయి నీటి అణువులు ఒకదానినొకటి రాసుకుంటాయి, కూర వేడెక్కుతుంది.

బాగా ఎండిన గింజ స్థిరాంకం మూడు నాలుగు మాత్రమే. అందులో కాస్త నీరున్నా స్థిరాంకం పైకి లేస్తుంది. మీటరు గిన్నె నిజానికి ఒక కండెన్సరే: చుట్టూ వున్నది ఒక పలక, నడుమ వున్నది ఇంకొక పలక, వాటి మధ్య వడ్లు. నీటికీ పొడి గింజకూ వున్న ఈ తేడాను పట్టుకునే అది తేమ చెబుతున్నది. (పత్తికి గుచ్చే సూదుల మీటర్లది చాలామట్టుకు వేరే దారి, అవి కరెంటు ఎంత పారుతుందో చూస్తాయి.)

"నిన్న పద్దెనిమిది, ఇయ్యాల ఎండినంక ఇరవయ్యా? గిదెట్ల సారూ!" అని ఒక రైతు నన్ను నిలదీశాడు. అమ్మేవాడు నేనూ కాదు, కొనేవాడు నేనూ కాదు. అయినా ప్రశ్న న్యాయమైనది. రాత్రి పరదా కింద ఆవిరి పట్టి గింజ పైన తడి వుంటే అంకె పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి తీసిన వేడి గింజ పోసినా పెరగవచ్చు. వేడికి సవరణ చేసే ఏర్పాటు మీటరులో వున్నా, గిన్నె చల్లగా వుండి గింజ కాలుతూ వుంటే అది తికమక పడుతుంది. గిన్నెలో వదులుగా పోస్తే ఒక అంకె, కుక్కి పోస్తే ఇంకొకటి. అన్నిటికంటే పెద్ద చిక్కు, పంట పేరు. ఒక్కొక్క పంటకు లెక్క వేరు. మక్కజొన్న గుర్తు మీద వుంచి వడ్లు పోస్తే అది చెప్పే అంకెకు అర్థం లేదు.

ఈ రెండు అంకెల తేడా ఖరీదు ఎంత? వంద క్వింటాళ్ళ వడ్లలో నిజంగానే 19 శాతం తేమ వుందనుకోండి. నీరు పోగా అసలు సరుకు 81 క్వింటాళ్ళు. దానిని 17 శాతానికి ఎండబెడితే మొత్తం బరువు 97 క్వింటాళ్ళ 59 కిలోలు. పోయిన 2 క్వింటాళ్ళ 41 కిలోలూ వట్టి నీరే, దానికి ఏడవనక్కరలేదు. కాని 17 వున్న వడ్లనే మీటరు 19 అన్నదనుకోండి. అప్పుడు ఊరికే మరో రెండు రోజుల కూలి, గింజ మరీ ఎండి తగ్గే తూకం, వాన భయం - ఇవన్నీ రైతు నెత్తినే. ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు.

కనుక కల్లంలో చేయదగినది ఇది. కుప్ప పైనా, నడుమా, అడుగునా గింజలు తీసి కలపాలి. తాలూ గడ్డీ ఏరాలి. కాసేపు నీడలో ఆరనిచ్చి మీటరులో పోయాలి. గుర్తు వడ్లమీద వున్నదో లేదో రైతే స్వయంగా చూసుకోవాలి, అడగటానికి మొహమాటమెందుకు? మూడుసార్లు పోసి సగటు తీయమనాలి. మూడూ మూడు రకాలుగా వస్తే తప్పు వడ్లది కాదు. వేరే మీటరుతో చూడమనవచ్చు. అసలు పరీక్ష వేరే వున్నది: గింజను పిండి చేసి, తూచి, 130 డిగ్రీల వేడిలో రెండు గంటలు వుంచి, మళ్ళీ తూచటం. తగ్గిన బరువే తేమ. మీటర్ల లెక్కలన్నీ ఇలాంటి పరీక్షతో పోల్చి సరిచేసినవే. కేంద్రం దగ్గర బారులు తీరిన ట్రాక్టర్ల మధ్య దానికి తీరిక వుండదు గనుకనే ఈ పెట్టె వచ్చింది.

పాతకాలపువాళ్ళు గింజను పంటికింద పెట్టి కొరికేవారు. కటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. ఇప్పటికీ చాలామంది ముందు పంటితో చూసుకునే మీటరు దగ్గరకు వస్తున్నారు.