బొమ్మ బీరువాలో... మరి ఆట ఎక్కడ?

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో చాలా ఇళ్లల్లో కనిపించే దృశ్యం ఇది. ముందుగదిలో అద్దాల బీరువా. అందులో దుబాయి నుంచో, మస్కట్ నుంచో వచ్చిన రిమోట్ కారు, కళ్లు మూసి తెరిచే బొమ్మ. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యరు. పిల్లవాడు చెయ్యి చాపాడో లేదో "ముట్టకు బిడ్డా, ఖరాబైతది. మీ బాపు పంపిండు" అని ఓ కేక. వాడు ఏడుపు లంకించుకుంటే ఊరుకోబెట్టడానికి చేతికి ఫోన్ ఇస్తాం. బొమ్మ బీరువాలో, పిల్లవాడు ఫోన్‌లో. మరి ఆట ఎక్కడున్నట్టు?

ఆ తల్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎండలో చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో ఆయన కొన్న బొమ్మ అది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చే మనిషికి అది గుర్తు. విరిగితే మనసు విరిగినట్టే ఉంటుంది. ఇక ఆ బొమ్మ కొనలేని ఇంట్లో తల్లికి "నా పిల్లలకు ఏమీ కొనియ్యలేకపోతి" అన్న బాధ. చూడబోతే రెండిళ్లల్లోనూ నమ్మకం ఒకటే. ఆట అంటే దుకాణంలో దొరికేదని. నా పేచీ అంతా ఆ నమ్మకంతోనే. ఆట అంటే కొనిచ్చేది కాదు, చేసుకోనిచ్చేది.

బొమ్మల సంగతి మనకు ఒకరు చెప్పాలా? నిర్మల్ కొయ్యబొమ్మలు మన దగ్గరివే కదా. తేలికైన పొణికి కర్రను చెక్కి, ముక్కలను అతికించి, రంగులద్ది ఆ పళ్లు, పక్షులు, జంతువులు చేస్తారు. అతికించడానికి వాడేదేమిటో తెలుసా? చింతగింజల పిండిని ఉడికించి, అందులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఏటా చింతపండు కొట్టినప్పుడు మనం పెంటలో పారబోసే గింజలే ఊరూరా పేరుపొందిన బొమ్మను నిలబెడుతున్నాయి. పిల్లలకు ఈ ముచ్చట చెప్పి, కాసిని గింజల పిండి ఉడకబెట్టి ఇచ్చి చూడండి. బజారులో జిగురు సీసా కొనే పని ఉండదు.

ఆ గింజలతోనే ఇంకెన్ని ఆటలని! ఓమన గుంటల పీట లేకపోతే ఏమైంది? గచ్చు మీద సుద్దముక్కతో ఏడేసి చొప్పున రెండు వరుసలు సున్నాలు గియ్యండి. పద్నాలుగు ఇళ్లు. ఇంటికి అయిదు గింజలు వేస్తే డెబ్బయి. ఇంటింటికీ ఆట పద్ధతి కొంచెం మారుతుంది, ఏ పద్ధతైనా ఫరవాలేదు. ఒక్కో గింజ పంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఆరేళ్ల పిల్లకు కూడికలు, తీసివేతలు ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? ఒకవైపు అరగదీసిన గింజలను గవ్వల్లా వేసుకుంటే అష్టాచెమ్మ. అయిదు కచ్చకాయలు ఎగరేసి పట్టుకుంటే చేతికీ కంటికీ పొత్తు కుదురుతుంది. రేపు పలకా బలపం పట్టేది ఆ చెయ్యే కదా!

మన పండుగలను గమనించండి. ఒక్కొక్క దానిలోనూ పిల్లల కోసం ఒక ఆట దాగి ఉంటుంది. శ్రావణ అమావాస్యకు ఆదిలాబాద్ వైపు పొలాల పండుగ. ఎడ్లు లేని ఇళ్లల్లో మట్టి ఎడ్లను పెట్టి మొక్కుతారు. ఆ రోజు పిల్లలకు కూడా ఇంత తడిమట్టి ఇవ్వండి. కొమ్ములు వంకరపోనీ, కాళ్లు మూడే ఉండనీ! బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు గుచ్చి, చుట్టూ తిరిగి ఆడతారు. పెద్దల బతుకమ్మ వేరు, ఇది పిల్లల సొంతం. హోళీకి మోదుగు పూలు రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి పసుపచ్చని రంగు నీళ్లు. మిగిలిన నీళ్లలో దూది ముంచి పాత క్యాలెండరు వెనకవైపు బొమ్మలు వేయించండి. జొన్నలు కోశాక సొప్ప దొరికితే లోపలి బెండును ముక్కలు చేసి, పై బెరడు చీలికలతో గుచ్చితే ఎడ్లబండి తయారు. బెరడు పదునుగా కోస్తుంది కనుక దాన్ని పెద్దవాళ్లే చీల్చి ఇవ్వాలి.

పట్నంలో, కిరాయి ఇంట్లో పుట్టమన్ను, జొన్నసొప్ప ఎక్కడివంటారా? పెద్ద అట్టపెట్టె ఉంటుంది కదా. బొమ్మ వచ్చిన పెట్టె! తలుపు, కిటికీ కోసి ఇస్తే ఇవాళ ఇల్లు, రేపు బస్సు, ఎల్లుండి దుకాణం. పాత పేపర్లు నానబెట్టి, దంచి, మెంతిపిండి కలిపి మన పెద్దవాళ్లు గంపలకూ చాటలకూ అలికేవారు. ఆ గుజ్జునే గిన్నె వెనకవైపు పూసి ఆరబెడితే పిల్లలకు సొంత గిన్నె. ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా అనే ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, పాత డబ్బాలతో పిల్లలకు వందల ఆటవస్తువులు చేసి చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. చెత్తబుట్టలోకి పోయేవాటిని అంత పెద్ద చదువు చదివినాయన చేతిలోకి తీసుకుంటే మనకు నామోషీ ఎందుకు?

అయితే ఒక్క హెచ్చరిక. మూడేళ్లలోపు పిల్లల చేతికి చింతగింజలు, గోటీలు, గుండీలు ఇవ్వకూడదు. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు గిన్నెలు, గరిటెలు, చపాతీ పిండి ముద్ద చాలు. గురివింద గింజలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ అవి విషం. ఆముదం గింజలూ అంతే. వాటిని ఎంత వయసు పిల్లల ఆటలోకీ రానివ్వకండి. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు మింగితే ప్రాణాపాయం. కొన్న బొమ్మ అయినంత మాత్రాన భయం లేనిదని అనుకోవద్దు.

"ఇవన్నీ చెప్పడానికి బాగానే ఉన్నయి, మాకు తీరికేదమ్మా?" అని అడిగే వాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. మన దగ్గర ఎందరో తల్లులు వంటా వార్పూ కాగానే చాట ముందేసుకుని కూర్చుంటారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క. వాళ్లను "పిల్లలతో గంటసేపు ఆడండి" అనడం పుండు మీద కారం చల్లడమే. పైగా ఆ తంబాకు దుమ్ములో పసిపిల్లలను కూర్చోబెట్టడం మంచిది కూడా కాదు. అందుకే ఆటను అమ్మ నెత్తిన మరో పనిగా పెట్టవద్దంటాను. అవ్వ ఉంది, తాత ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చే తండ్రి ఉన్నాడు. వాకిట్లో పది నిమిషాలు దాడి ఆటకు గీతలు గీస్తే ఏ మగవాడికీ గౌరవం తగ్గదు. ఎవరూ లేకపోతే పక్కింటి పిల్లలున్నారు. మనం చెయ్యాల్సిందల్లా "గలీజు చేస్తున్నరు" అని వాళ్లను తరమకుండా ఉండడమే.

ఇంకొక మాట. తమ్ముణ్ణి ఎత్తుకోవడంతోనూ, బీడీకట్టలకు దారం చుట్టడంతోనూ ఎనిమిదేళ్లకే ఆట ముగిసిపోయే పెద్దపిల్లను మరచిపోకండి. "అది పెద్దదైంది, దానికి ఆటలేమిటి?" అంటాం. అదే వయసు మొగపిల్లవాడు చిర్రగోనె పట్టుకుని దీపాలు పెట్టేదాకా తిరిగినా అడగం. ముగ్గు వెయ్యడానికి కొడుకును పిలవండి, బొంగరం తిప్పడానికి బిడ్డను పంపండి.

ఆడుకుంటే చదువు పోతుందనే భయం వద్దు. 2020 నాటి జాతీయ విద్యావిధానమే మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటల ద్వారానే చదువు చెప్పాలంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండనివాళ్లకు ఫోన్, టీవీ వద్దే వద్దు. నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించకూడదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. ఏడాది నిండిన పిల్లలు రోజంతా కలిపి మూడు గంటలైనా ఒళ్లు కదిలించి తిరగాలి. ఇది ఏ నర్సరీ బడి హోంవర్కు వల్లా అయ్యే పని కాదు కదా!

ఇక దూరదేశాన ఉన్న తండ్రులకు ఒక మనవి. ఫోన్ చేసినప్పుడల్లా "ఏం పంపాలె బిడ్డా?" అని అడుగుతుంటారు. ఈసారి "ఏం చేసినవ్ బిడ్డా? చూపియ్యి" అని అడిగి చూడండి. వీడియోలో మూడు కాళ్ల మట్టి ఎద్దు కనబడితే దాని పేరేమిటి, ఏం తింటుంది, ఎవరి చేనులో దున్నుతుంది అని ఆరా తియ్యండి. పిల్లవాడు రాత్రికి రాత్రే దానికి బండి కట్టి, మర్నాడు మీ ఫోన్ కోసం కాచుకుని కూర్చుంటాడు. నెలకో బొమ్మ పంపగలిగినా, పంపలేకపోయినా ఈ ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు కదా.

ఇంట్లో ఉన్న మనం కూడా ఈ ఆదివారం అద్దాల బీరువా తాళం తీద్దాం. ఆ కారును పిల్లవాడి చేతికిద్దాం. విరగ్గొడతాడా? విరగ్గొట్టనీయండి. లోపల చక్రం ఎలా తిరుగుతుందో చూడాలన్న ఆరాటమే కదా అది! ఏమంటారు?