బ్రిటన్ ఎలక్ట్రీషియన్ల నోటుబుక్కు

బ్రిటన్‌లో ఎలక్ట్రీషియన్లు టెస్ట్ మీటరును సాధారణంగా ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపుతారు. చట్టం గడువు పెట్టి మరీ అడిగిందని కాదు. అక్కడి 1989 నాటి విద్యుత్ పని నిబంధనల్లో గానీ, వైరింగ్ ప్రమాణమైన బీఎస్ 7671లో గానీ అలాంటి గడువేదీ లేదు. అది వాడుకలో స్థిరపడిన లెక్క. ఎలక్ట్రీషియన్లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఐసీఈఐసీ లాంటి సంస్థల తరఫున తనిఖీకి వచ్చేవాళ్లు మీటరు రికార్డు చూపించమంటారు.

మనం అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ల్యాబ్ ఇచ్చే ఆ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం కాదు. అది చెప్పేది మీటరు ల్యాబ్‌లో ఉన్న రోజు సంగతి. మర్నాడే నిచ్చెన మీద నుంచి జారిపడొచ్చు. పైకి గీత కూడా పడదు, అంకెలు మామూలుగానే వస్తుంటాయి. ఏడాది తిరిగాక ల్యాబ్‌వాళ్లు తేడా ఉందంటే, ఈలోగా పరీక్షించిన ఇళ్లలో దేన్ని నమ్మాలి?

తేడా అంటే ఎంత? అక్కడ సాకెట్ల సర్క్యూట్‌కు 32 ఆంపియర్ల బి-టైప్ ఎంసీబీ పెడతారు. ఎర్త్ ఫాల్టు రాగానే అది కచ్చితంగా ట్రిప్ కావాలంటే 160 ఆంపియర్లు పారాలి. అందుకే ఆ కరెంటు తిరిగే దారి నిరోధం, అంటే ఎర్త్ లూప్ ఇంపెడెన్స్, 1.37 ఓమ్‌లు దాటకూడదంటారు. (తీగ వేడెక్కితే అది పెరుగుతుంది కాబట్టి సైట్లో ఇంకా తక్కువ దగ్గరే గీత గీస్తారు, ఆ లెక్క వదిలేద్దాం.) అసలు విలువ 1.6 ఉండి, మీటరు 0.3 తక్కువ చూపిస్తే సర్క్యూట్ పాసైపోతుంది. పారేది మాత్రం సుమారు 140 ఆంపియర్లే. ఎంసీబీ వేడెక్కి పడేదాకా ఆ కొన్ని సెకన్లూ వాషింగ్ మెషీన్ ఒంట్లో కరెంటు ఉండొచ్చు. లీకేజీని పసిగట్టే ఆర్‌సీడీ ఉందిగా అంటారా? అది సరిగ్గా పడుతోందని చెప్పిందీ ఆ మీటరే.

అందుకే అక్కడ చాలామంది దగ్గర చెక్ బాక్స్ ఉంటుంది. అందులో విలువ ముందే తెలిసిన రెసిస్టర్లు ఉంటాయి. నెలకోసారి మీటరును వాటికి తగిలించి, రీడింగ్‌ను తేదీతో నోటుబుక్కులో రాసుకుంటారు. అంకె పక్కకు జరిగితే అనుమానించాల్సింది ఆ నెల పనులనే, ఏడాది పనులన్నిటినీ కాదు. ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్న నిజానికి ఇక్కడే తేలుతుంది: ఎన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లి పరీక్షించే ఓపిక ఉందన్నదే కొలత.

మన దగ్గర పెద్ద ఫ్యాక్టరీలు మీటర్లను ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లకు పంపుతాయి. కూరగాయల కొట్టు ఎలక్ట్రానిక్ కాటాకైనా ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. కాలనీల్లో వైరింగ్ చేసే మనిషి మీటరును మాత్రం ఎవరూ అడగరు. చవక మల్టీమీటరుకు ల్యాబ్ ఫీజు దాని ధరనే మించిపోవచ్చు. అతన్ని ఏటా పంపమనడం ఊరికే చెప్పే సలహా. ఎలక్ట్రానిక్స్ కొట్లో ఒక శాతం తేడా ఉండే రెసిస్టర్లు కొని డబ్బాలో బిగించుకోవడం అతని చేతిలో పని. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ 500 వోల్టులు పంపుతుంది కనుక దానికి ఆ వోల్టేజీ తట్టుకునే రకం కావాలి. తేడా కనిపిస్తే ముందు లీడ్స్ చూడాలి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

ఇంకో అలవాటుకు పైసా ఖర్చు లేదు. కరెంటు తీశాక అక్కడివాళ్లు వోల్టేజీ టెస్టర్‌ను ముందు లైవ్ ఉన్నచోట చూస్తారు, తర్వాత పనిచేసే చోట, మళ్లీ లైవ్ ఉన్నచోట. మన దగ్గర నియాన్ టెస్టర్ వెలగకపోతే చాలు, చెయ్యి పెట్టేస్తున్నారు.