చిన్న అక్షరాల్లో పెద్ద సంగతి

ఈ రోజుల్లో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునేవారు ఎక్కువయ్యారు. మీ అన్నయ్యో, పిన్నిగారో, పక్కింటి బాబాయిగారో రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటూ ఉండవచ్చు. కొన్నాళ్ళకు నడుం నొప్పి, మెడ నొప్పి మొదలవుతాయి. మంచి కుర్చీ ఒకటి కొందామనుకుంటారు. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? అందుకని రకరకాల కుర్చీలను పోల్చి, మార్కులు వేసి, ఫలానాది కొనండి అని చెప్పే సమీక్షలు చదువుతారు.

అటువంటి సమీక్షలను మీరెప్పుడైనా పరిశీలనగా చూశారా? పైన పెద్ద అక్షరాల్లో 'ఎర్గొనామిక్ కుర్చీ! పదికి తొమ్మిదిన్నర మార్కులు! నడుం నొప్పికి ఇక సెలవు!' అన్న ధోరణిలో ఉంటుంది. అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో కొన్ని నిబంధనలు ఉంటాయి. వాటి సారాంశం ఇది: ఈ సమాచారం వైద్య సలహా కాదు. మనిషి శరీరాన్ని బట్టి, వాడే తీరును బట్టి ఫలితం మారవచ్చు. మీరు ఈ కుర్చీ కొంటే మాకు కమీషన్ ముట్టవచ్చు. మా మాట నమ్మి నష్టపోతే బాధ్యత మాది కాదు.

పెద్ద అక్షరాలను అందరూ చదువుతారు. చిన్న అక్షరాలను చదివేవారు అరుదు. నన్నడిగితే, ఆ కాగితం మీద శాస్త్రానికి దగ్గరగా ఉన్నది చిన్న అక్షరాల భాగమే. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను.

నిబంధన లేని నియమం లేదు

మీ భౌతికశాస్త్ర పుస్తకం తీయండి. ఓమ్ నియమం ఏమంటుంది? వాహకం ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు, దానిలో ప్రవహించే విద్యుత్తు దాని చివరల మధ్య పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది అంటుంది. 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అన్న ముక్క వదిలేసి పరీక్షలో రాస్తే మార్కు తగ్గిస్తాం. 'ఒక్క ముక్కకే మార్కు పోవాలా మాస్టారూ!' అని మీరు అడుగుతారు. పోవాలి. ఎందుకంటే ఆ ముక్క లేకపోతే మిగిలిన వాక్యం నిజం కాదు. పాతకాలపు బల్బులో ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. అప్పుడు మీ అనులోమానుపాతం నిలవదు.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని మనం తేలికగా అనేస్తాం. వాతావరణ పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నంత ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. ఎత్తయిన కొండ మీద నీరు అంతకంటే తక్కువ వేడికే మరుగుతుంది.

'ఈ కుర్చీ మంచిది' అనేది కూడా ఇటువంటి వాక్యమే. ఎవరికి మంచిది? ఎంత పొడవు మనిషికి? ఎంత ఎత్తు బల్ల ముందు వేసుకుంటే? ఎంతసేపు కూర్చుంటే? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా పదికి తొమ్మిదిన్నర మార్కులు వేయడం, ప్రమాణం రాయకుండా 'జవాబు 45' అని లెక్క ముగించడం వంటిది. నలభై అయిదు ఏమిటి? కిలోలా, మీటర్లా?

సగటు మనిషి ఎక్కడ?

'ఎర్గొనామిక్' అనే మాట ఎక్కడిదో చూద్దాం. 1857లో పోలండు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు వోయ్‌చెక్ యాస్త్‌షెంబోవ్‌స్కీ ఈ మాటను తయారుచేశాడు. గ్రీకు భాషలో 'ఎర్గాన్' అంటే పని, 'నోమోస్' అంటే నియమం. రెండూ కలిపి పనిని గురించిన శాస్త్రం అన్నమాట. పనిముట్టుకు తగినట్టు మనిషి వంగిపోకుండా, మనిషికి తగినట్టు పనిముట్టును అమర్చాలన్నది నేడు ఈ శాస్త్రపు ముఖ్యమైన సూత్రం.

మరి ఏ మనిషికి తగినట్టు? 'సగటు మనిషికి' అని చాలామంది జవాబు చెబుతారు. ఆ జవాబును పరీక్షించిన ఒక గొప్ప పరిశీలన ఉంది. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల శరీర కొలతలు తీయించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారి ఆ కొలతల్లో నుంచి విమానంలో సీటు అమరికకు ముఖ్యమైన పదింటిని ఎంచుకున్నాడు: ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వగైరా. ఒక్కో కొలతలో మధ్యన ఉన్న 30 శాతం మందిని 'సగటు' అనుకున్నాడు. పది కొలతల్లోనూ సగటుగా ఉన్నవారు ఎందరో లెక్క తీశాడు.

ఎంతమంది తేలారో ఊహించండి. వెయ్యి మందా? వందమందా? ఒక్కరు కూడా లేరు! ఒకరికి చేతులు పొడుగు, కాళ్ళు పొట్టి. మరొకరికి ఛాతీ పెద్దది, తుంటి చిన్నది. మూడే కొలతలు తీసుకున్నా, మూడింటిలోనూ సగటుగా ఉన్నవారు నూటికి నలుగురు కూడా తేలలేదు. 1952లో డేనియల్స్ ఈ ఫలితాలను ప్రకటించాడు. సగటు మనిషి కోసం చేసిన సీటు నిజానికి ఎవరికోసమూ చేయని సీటు అని తేలింది. ముందుకూ వెనక్కూ జరుపుకునే, ఎత్తు తగ్గించి పెంచుకునే సీట్ల అవసరాన్ని ఈ పరిశీలన గట్టిగా నిరూపించింది. 1994లో హెర్మన్ మిల్లర్ కంపెనీ 'ఏరాన్' అనే ఆఫీసు కుర్చీని విడుదల చేసినప్పుడు, దాన్ని చెప్పుల మాదిరిగా మూడు సైజుల్లో చేసింది.

ఇప్పుడు 'మనిషి శరీరాన్ని బట్టి ఫలితం మారవచ్చు' అన్న చిన్న అక్షరాల వాక్యాన్ని మళ్ళీ చదవండి. నాలుగు వేల మందిని కొలిచి డేనియల్స్ చెప్పిందీ అదే కదా!

కూర్చోవడంలో భౌతికశాస్త్రం

కొలత కుదరకపోతే ఏమవుతుంది? దీనికి వైద్యశాస్త్రం దాకా పోనక్కర్లేదు. మీకు తెలిసిన పాఠాలే చాలు.

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. సీటు మరీ ఎత్తుగా ఉంటే పాదాలు నేలకు ఆనవు. కాళ్ళ బరువును నేల మోయదు. ఆ బరువంతా తొడల అడుగున, సీటు అంచు ఒత్తుకునే సన్నని చోట పడుతుంది. వైశాల్యం తగ్గింది, పీడనం పెరిగింది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

రెండో పాఠం బలభ్రామకం. నీళ్ళ చెంబును ఒంటికి దగ్గరగా పట్టుకోండి, తరవాత చేయి చాపి పట్టుకోండి. బరువు అదే, కానీ చేయి చాపినప్పుడు భుజం నొప్పి పుడుతుంది. పెద్దవాళ్ళ తల బరువు సుమారు 5 కిలోలు ఉంటుంది. మెడ నిటారుగా ఉంటే ఆ బరువు వెన్నుపూసల మీద నిలుస్తుంది. బల్ల మరీ కిందికి ఉండి మనం వంగామంటే తల ముందుకు జరుగుతుంది. చాపిన చేతిలోని చెంబులాగా దాన్ని మెడ వెనక కండరాలు గంటల తరబడి లాగి పట్టుకోవాలి. అదే బల్ల మరీ ఎత్తయితే భుజాలు ఎగదీసి రాయాలి.

ఎంత కొలత కుదిరిన కుర్చీ అయినా, కదలకుండా పొద్దస్తమానం కూర్చునేవారిని కాపాడలేదు. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి. ఈ నిబంధన కుర్చీ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదగ్గది.

కొలిచినవాడికి జీతమిచ్చిందెవరు?

ఇక కమీషన్ సంగతి. కమీషన్ పుచ్చుకున్న ప్రతివారూ అబద్ధం చెబుతారని నేననను. కానీ ప్రయోగశాలలో ఒక ఫలితం వస్తే డబ్బు, మరో ఫలితం వస్తే సున్నా అన్నప్పుడు, ఆ ప్రయోగాన్ని మనం రెండుసార్లు సరిచూడాలి. చదివేవాడికి ఆ సంగతి ముందే తెలియాలి. అమెరికాలో 1936లో మొదలైన వినియోగదారుల సంఘమొకటి వస్తువులను తన డబ్బుతో కొని పరీక్షించి, ఫలితాలను ప్రకటనలు వేయని తన పత్రికలో అచ్చువేసేది. నిష్పాక్షికంగా పరీక్షించడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు జారీ చేసింది. అడుగున రాసే షరతు పైన చెప్పిన మాటకు విరుద్ధంగా ఉండకూడదు, అదే భాషలో స్పష్టంగా కనబడాలి అని వాటిలో ఉంది. ఒక వస్తువును మెచ్చుకునేవారికి దాన్ని అమ్మేవారితో సంబంధం ఉంటే ఆ సంగతి బయటపెట్టాలని కూడా ఉంది. అదే ఏడాది నవంబరులో భారత ప్రమాణాల సంస్థ వినియోగదారుల సమీక్షల సేకరణకు, ప్రచురణకు ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నిబంధనలు రెండు రకాలు. 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అనేది మొదటి రకం. ఒక మాట ఎంతవరకు నిజమో అది చెబుతుంది. 'నష్టపోతే బాధ్యత మాది కాదు' అనేది రెండో రకం. అది నిజానికి హద్దు గీయడం కాదు, చేతులు దులుపుకోవడం. మొదటి రకాన్ని పైకి తెచ్చి పెద్ద అక్షరాల్లో వేయాలి. ఈ కుర్చీని ఇంత ఎత్తున్న ఇంతమంది ఇన్ని రోజులు వాడి చూశారు, సీటును ఇంత నుంచి ఇంత వరకు ఎత్తవచ్చు, కుర్చీని మాకు ఉచితంగా ఇచ్చారు లేదా మేమే కొన్నాం అని రాయాలి. అలా రాసినవారు రెండో రకం నిబంధన వెనక దాక్కోవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

మన బల్లల మాటేమిటి?

'ఆఫీసు కుర్చీల గొడవ మాకెందుకు మాస్టారూ?' అంటారేమో. మీరు రోజుకు ఆరేడు గంటలు దేనిమీద కూర్చుంటున్నారు? చాలా బడుల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే కొలత బల్లలు ఉంటాయి. సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుందాం. ఆరో తరగతి పిల్లవాడికి మోకాలి వెనక మడత నుంచి నేల దాకా 36 సెంటీమీటర్లే ఉంటే, పాదాలు 9 సెంటీమీటర్ల ఎత్తున గాలిలో వేలాడతాయి. వాడు కుదురుగా కూర్చోకపోతే 'అల్లరివాడు' అంటాం!

యూరప్ దేశాల్లో బడి కుర్చీలకు ఈఎన్ 1729 అనే ప్రమాణం ఉంది. అందులో సైజుకొక రంగు. పసుపు గుర్తు కుర్చీ సీటు ఎత్తు 35 సెంటీమీటర్లు, ఆకుపచ్చది 43, నీలం 46. రంగు చూసి ఎవరి కుర్చీ వారు తెచ్చుకోవచ్చు.

'ఇన్ని సైజులంటే ఖర్చు కదా' అనేవారున్నారు. ఒకే సైజువి వంద బల్లలు చేయించే చోట రెండు మూడు సైజులు కలిపి వంద చేయిస్తే, పెరిగే ఖర్చు పిల్లల ఒంటికి జరిగే చెరుపుతో పోలిస్తే పెద్దది కాదని నా అభిప్రాయం. కొత్త బల్లలు వచ్చేలోగా కాళ్ళ కింద ఒక చెక్క పలక వేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఉదయం ప్రార్థనలో ఎత్తు ప్రకారమే వరుస కడతాం. తరగతి గదిలోకి రాగానే ఆ కొలతను మరచిపోతున్నాం.

కాబట్టి ఈ నెల మీ తరగతిలో ఒక పని చేయండి. టైలరు వాడే టేపు తీసుకుని ప్రతి ఒక్కరివీ మూడు కొలతలు తీయండి. ఒకటి, కూర్చున్నప్పుడు మోకాలి మడత నుంచి నేల దాకా. రెండు, తుంటి వెనక నుంచి మోకాలి మడత దాకా. మూడు, మోచేయి మడిచినప్పుడు సీటు నుంచి మోచేయి దాకా. మూడింటికీ సగటు కట్టండి. సగటుకు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మూడింటిలోనూ ఉన్నవారెందరో లెక్కపెట్టండి. మీ బల్ల కొలతలు పక్కనే రాయండి. చెప్పులతో కొలిచారా, చెప్పులు విప్పి కొలిచారా, ఎవరు కొలిచారు, ఏ తేదీన కొలిచారు అన్న నిబంధనలన్నీ పట్టికకు పైన, అందరికీ కనబడేలా పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ కాగితాన్ని మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. బడికి ఈసారి కొత్త బల్లలు తెప్పించేటప్పుడు ఆ పట్టిక వారి చేతిలో ఉండాలి.