తన్ఖా పనికా, పాస్‌పోర్టుకా?



ఒకే వారంలో మా ఖాందాన్‌లో రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది సౌదీ నుంచి. మా ఖాలా కొడుకు అక్కడ ఒక కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాడు. పక్క క్లాసులో అదే పుస్తకం, అన్నే గంటలు చెప్పే బ్రిటిష్ పాస్‌పోర్టు సాబ్‌కు తనకంటే ఎంతో ఎక్కువ తన్ఖా అని తెలిసిందట. ఇల్లంతా భగ్గుమంది. "ఇదేం నాఇన్సాఫీ!" అని ఖాలూ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రెండో ఫోన్ నాగర్‌కర్నూల్ నుంచి. ఆ పిల్లగాడి సొంత అక్కే. ఎం.ఏ. ఇంగ్లిష్, బీఎడ్. ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్లుగా పదో తరగతికి ఇంగ్లిష్ చెప్పింది. ఈ ఏడాది కేరళ నుంచి కొత్త టీచర్ వచ్చింది. ఆమెకు పదో తరగతి, ఎక్కువ జీతం, ఉండడానికి గది. మా చెల్లికి రెండో తరగతి, బస్సు డ్యూటీ. పైగా సాయంత్రం పూట, కొత్త టీచర్ పాఠం అర్థంకాని పిల్లలకు ఉర్దూలో, తెలుగులో విడమర్చి చెప్పే పని కూడా ఈమెదే. దానికి పైసా లేదు. ఖాలూ ఏమన్నాడు? "స్కూలోళ్ల రివాజు అంతే బేటీ, సబర్ చెయ్."

కొడుక్కి హక్, బిడ్డకు సబర్! ఇదేం లెక్క ఖాలూ?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో జిల్లాలయ్యాయి. బోర్డులు మారాయి, కలెక్టరేట్లు వచ్చాయి. మన జెహన్ మాత్రం మారలేదు. బయటి నుంచి వచ్చినోళ్లకే ఇంగ్లిష్ వస్తుందని ఇప్పటికీ మన యకీన్. అందుకే అడ్మిషన్ల సీజన్‌లో "కేరళ టీచర్లతో ఇంగ్లిష్ బోధన" అని ఫ్లెక్సీ కడితే చాలు, పిల్లల్ని తీసుకుని మనమే లైన్ కడతాం. మేనేజ్‌మెంట్ అమ్మేది మనం కొనేదే.

ఈ యకీన్ మన ఊళ్లో పుట్టింది కాదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లిష్ బోధన మీద కామన్వెల్త్ దేశాల సమావేశం జరిగింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాడే అసలైన ఇంగ్లిష్ టీచర్ అన్న ఖయాల్‌కు అక్కడ ముద్ర పడింది. 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ అనే ఇంగ్లిష్ పండితుడే అది ఉత్త భ్రమ అని రాశాడు. అయినా బజార్ వినలేదు. హాంకాంగ్ 1998లో విదేశీ ఇంగ్లిష్ టీచర్లను బళ్లకు తెచ్చి, స్థానిక టీచర్లకు లేని ఇంటి భత్యం ఇచ్చింది. ఒకే స్టాఫ్ రూమ్‌లో రెండు దర్జాలు! అట్లాంటి చోట దోస్తీ ఎట్లా పెరుగుతుంది?

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మేమందరం "ఇస్కూల్", "ఇస్టేషన్" అనేవాళ్లం. పక్కనున్న తెలుగు మీడియం పిల్లలు "బుక్కు", "పెన్ను" అనేవాళ్లు. మా ఉస్తాద్ ఎవరినీ నవ్వలేదు. మాట మొదట్లో "స్"తో ఇంకో హల్లు కలిసి వస్తే ఉర్దూ నాలుక ముందు "ఇ" చేర్చుకుంటుందని, తెలుగు నాలుక మాట చివర "ఉ" చేర్చుకుంటుందని ఆయనకు తెలుసు. ఆ దారిలోనే ఆయనా నడిచి వచ్చాడు కాబట్టి ముల్లు ఎక్కడుందో ఆయనకు ఎరుక. ఈ ఎరుకకు మన స్కూళ్లలో ధర ఎంత? రెండో తరగతి, బస్సు డ్యూటీ.

బయటోళ్లు రావొద్దని నేననడం లేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ సాబ్ 1925లో హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ హైస్కూల్ ప్రిన్సిపాల్ అయ్యాడు. నిజాం కొలువులో ఉండగానే, 1930లో ఆయన ఖురాన్ ఇంగ్లిష్ తర్జుమా వెలువడింది. ఈ రోజుకూ ఆయన పేరు ఇజ్జత్‌తో తలుస్తున్నామంటే అది ఆయన పని వల్ల, పాస్‌పోర్టు వల్ల కాదు.

కేరళ టీచరమ్మతోనూ నాకు ఝగడా లేదు. ఆమె ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మెహ్మాన్. గల్ఫ్‌కు పోతే తెల్ల పాస్‌పోర్టు ముందు ఆమె రాష్ట్రపోళ్లదీ మా తమ్ముడి గతే. ఆమె జీతం కోయమనడం లేదు. మా చెల్లి జీతం అక్కడిదాకా తెమ్మంటున్నాను.

అరబ్బుకు అజమీ మీద ఫజీలత్ లేదని ఆఖరి హజ్ ఖుత్బా నుంచి నేర్చుకున్న ఖౌమ్ మనది. జుమ్మాకు ఆ మాట విని తల ఊపుతాం. సోమవారం స్కూల్ ఆఫీసులో "బయటి టీచర్లు ఉన్నారా సార్?" అని అడుగుతాం.

ఈసారి ఆ సవాల్ మార్చండి. ఇంగ్లిష్ చెప్పే టీచర్ ఏం చదివింది? ఎన్నేళ్లుగా ఇక్కడ నిలబడి పనిచేస్తోంది? ఒకే పనికి ఒకే తన్ఖా ఇస్తున్నారా? కొత్త టీచర్, పాత టీచర్ కలిసి పాఠం తయారు చేసుకునే పీరియడ్ ఒక్కటైనా ఉందా? ఫీజు కట్టేది మనం. అడిగే హక్ మనది.

ఖాలూ, మీరు మొదట అడగండి. సౌదీకి ఫోన్ చేసి కొడుక్కి ధైర్యం చెప్పారు, మంచిదే. నాగర్‌కర్నూల్ అంతకంటే దగ్గర. రేపు పొద్దున బస్సెక్కి బిడ్డ స్కూల్ దాకా పోయి రండి.