ముంజేతి కంకణం

ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నారు పెద్దలు. కంకణానికి అక్కర్లేదు గాని, దాని అడుగునున్న ఎముకకు ఎక్స్-రే తప్పదని మా మేనల్లుడి వల్ల తెలిసింది.

మా చెల్లెలి కాపురం నార్సింగిలో, ఔటర్ రింగురోడ్డు పక్క మేడల్లో. పదకొండేళ్ళ పిల్లవాడు చక్రాల బూట్లతో జారి, చెయ్యి ఆన్చి పడ్డాడు. ముంజేతి ఎముకలు రెండూ నడిమికి విరిగాయి.

శాస్త్ర పుస్తకాల్లో వాటి పేర్లు రత్ని, అరత్ని. అరత్ని అంటే పూర్వం ఒక కొలత, మన మూర లాంటిదే. అరచెయ్యి బోర్లించినప్పుడల్లా రత్ని అరత్ని మీదుగా తిరుగుతుంది. వంకరగా అతికితే ఆ తిరుగుడు తగ్గిపోతుంది. పసివాళ్ళ ఎముక, ముఖ్యంగా మణికట్టు దగ్గరిది, పెరుగుతూ తన వంకర తానే చాలావరకు దిద్దుకుంటుంది. అందుకే చాలామందికి పిండికట్టు చాలు. పదేళ్ళు దాటాక, నడిమికి విరిగితే అంత ధీమా లేదు.

మావాడికి కట్టులో ఎముకలు నిలవలేదు. డాక్టరు గారు రెండింటిలోకీ సన్నని, వంగే టైటానియం కడ్డీలు దూర్చారు. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని నాన్సీ నగర వైద్యులు పెంపొందించిన పద్ధతి ఇది.

మూడు నెలలకు రత్ని అతికింది, అరత్ని అతకలేదు. చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పుత్తూరు కట్టు కట్టించమంటే విన్నారా?" అన్నారు చిత్తూరు సీమవారైన వాళ్ళ మామగారు. కడ్డీలు తీయించేద్దామన్నాడు బావ.

"పెద్దపిల్లల్లో అరత్ని ఆలస్యం చెయ్యడం కొత్త కాదు. విరిగినచోట కోసి సరిచేస్తే మరికాస్త ఆలస్యం. తొందరపడి కడ్డీలు తీస్తే మళ్ళీ విరిగే ప్రమాదం ఉంది. ఆగండి" అన్నారు డాక్టరు గారు.

ఆగడం తేలికేమీ కాదు. కాని ఒకచోట మాత్రం ఆగనే కూడదు. బిగుతు కట్టువల్ల రక్తం ఆడక చెయ్యి గోళ్ళలా ముడుచుకుపోవడాన్ని 1881లోనే ఫోక్‌మన్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. కట్టు ఆస్పత్రిదైనా నాటుదైనా, నొప్పి అంతకంతకు పెరిగినా, వేళ్ళు చాపితే విలవిల్లాడినా, మొద్దుబారినా తెల్లవారేదాకా చూడక పరుగెత్తాలి.

ఆరో నెల ఎక్స్-రేలో అరత్ని పగులు పూడింది. ఆ సాయంత్రం గుడినుంచి వచ్చాను. మేనల్లుడు అరచెయ్యి పూర్తిగా వెల్లకిలా తిప్పి చాచాడు.

"మామయ్యా, ప్రసాదం!"

అన్నాళ్ళూ మేము ఎదురుచూసింది ఆ చెయ్యి అలా తిరగడానికే. చెల్లెలు మాత్రం చక్రాల బూట్లు అటక మీదినుంచి దించలేదు.