ఉలవలు పండించిన తాతలెవరు?

చరిత్ర యనగానే మన పట్టణములందలి విద్యావంతులకు రాజులు, రాజధానులు తప్ప మరియొకటి తోచదు. బోధను ప్రసక్తి వచ్చెనా, అశ్మక జనపదమునకు రాజధానియైన పోదన మిదియే యని యొకరు, బకాసురుడు చచ్చిన యేకచక్రపుర మిదియే యని యింకొకరు వాదమునకు దిగుదురు. పఠనమందిరములలో గంటలకొలది సాగు ఈ వాగ్యుద్ధమున, ఆ రాజునకు గింజ పండించి పెట్టినవాని తాతలెవరని ప్రశ్నించిన వానిని మేమింతవరకు చూడలేదు.

మరియొక తెగవారికి ఈ సీమ వ్యవసాయము 1931లో నిజాంసాగరముతో పుట్టినది, చక్కెర కర్మాగారముతో పెరిగినది. 2015లో కర్మాగారము మూతపడగా ఆ పెరుగుటయు నిలిచినది కాబోలు!

ఇక మూడవ తెగ. ఇటలీలో రోమునకు చేరువనున్న బ్రచ్చానో సరస్సు అడుగున, 1989లో, లా మర్మోత్త యను నవీన శిలాయుగ గ్రామము బయల్పడినది. ఏడువేల యేండ్లనాటి ఆ పల్లెవారు పైరు పెట్టిరి, పశువుల మేపిరి. మ్రాకులు తొలిచి చేసిన వారి దోనెలు ఐదు బురదలో దొరకినవి. ఒకటి పది మీటర్లకు మించినది. వానిని గూర్చిన పరిశోధన 2024లో వెలువడగా చదివి, "వారి పూర్వులు నావికులు, మన పూర్వులో?" అని నిట్టూర్చువారు కలరు.

అయ్యా, నిట్టూర్పు మానుడు. నీట మునిగిన బురదకు గాలి సోకదు. గాలి సోకనిచోట కొయ్య కుళ్లదు. 1854లో జూరిచ్ సరస్సు నీరు తగ్గినప్పుడు గదా స్విట్జర్లండు స్తంభగ్రామములు కంటబడినవి! ఎండకు పగిలి వానకు నానెడు మన రేగడిలో కొయ్య యెన్నాళ్లు నిలుచును? వెదురల్లి తోలు తొడిగిన పుట్టిని విజయనగరమున 16వ శతాబ్దపు పోర్చుగీసు యాత్రికుడు పేస్ చూచి వ్రాసెను. అది చివికిన పిమ్మట భూమిలో మిగులున దేమి? సాక్షి మరణించినంత మాత్రమున దావా అబద్ధమని యే వకీలును వాదింపడు.

మన సాక్ష్యము బూడిద. పాలమూరు సీమలో, మక్తలు ప్రాంతపు ఉట్నూరున నొక బూడిదదిబ్బ కలదు. ఇట్టి దిబ్బలను శవదహనపు గుర్తులని కొందరు, లోహము కరగించిన చిట్టెమని కొందరు అనిరి. పశువుల మందలచోట్లని బ్రూస్ ఫూట్ చెప్పిన మాటయే తుదకు నిలిచినది. 1957లో ఆల్చిన్ పండితుడు త్రవ్వి చూడగా, గుంజలు పాతిన దొడ్డి, మరల మరల కాలిన పేడ, ఆ బూడిదలో గొడ్ల గిట్టల అచ్చులు! నాలుగువేల యేండ్లకు పైబడిన దొడ్డి యది. ఆ కాలపు దక్షిణాపథపు ఊళ్లలో దొరకిన మాడిన గింజలు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు. గోధుమయు యవలును పిమ్మట ఉత్తరమునుండి వచ్చినవి. బోధనుకు పేరు తెచ్చిన చెఱకు సైతము మూలమున న్యూగినీ ద్వీపపు మొక్క. ఉలవ యీ నేలబిడ్డ. దానిని గుఱ్ఱపు దాణా యని యీసడింతుము, చారు మాత్రము జుఱ్ఱుకొందుము.

చట్టము సంగతి చూడుడు. 1878 నాటి నిక్షేపముల చట్టము, పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపుమన్నది. నునుపైన రాతిగొడ్డలికి వెల కట్టువా రెవరు? దానిని కచేరికి మోసికొనిపోయిన రైతు నవ్వులపాలై తిరిగివచ్చును. మరునాడు ఆ రాయి వేపచెట్టు క్రింద దేవుడగును, లేదా గోడలో కలియును.

2015లో మిషన్ కాకతీయ మన సదాశివనగరము చెఱువుననే మొదలైనది. పూడిక తీయుట మంచిపనియే, కాదనము. కాని యంత్రము ఎత్తిన మట్టిని ఎరువని పొలమునకు తోలుటకు ముందు, అందలి పెంకును, రాతిని పరికించు కన్ను ఒక్కటి యుండవలదా? ఇకమీదట ప్రతి పూడికపనికిని నట్టి పరీక్ష నిర్బంధము కావలెను. దొరకిన వస్తువు తిలక్ తోటలోని పురావస్తుశాలకు చేరవలెను, తెచ్చిన రైతు పేరు దానిక్రింద వ్రాయబడవలెను.

మంజీర గోదావరిని కలియు కందకుర్తి మొదలుకొని గట్లవెంట ఈ వేసవిలో నడచుటకు మా యువకులు సిద్ధముగా నున్నారు. ప్రభుత్వమువారు ఒక పురావస్తు ఉద్యోగిని, ఒక సర్వేయరును పంపిన చాలును. పంపరా, అర్జీమీద అర్జీ వేయుట మాకు క్రొత్త గాదు.